ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది

పలమనేరు దాటి
మొగిలి ఘాటు దిగకముందే మా పాల సెంటరు.
తెల్లారి అయిదుకు షట్టరు ఎత్తితే
మంచు ముందు లోపలికొస్తుంది, మనుషులు ఆనక.

నా పని చిన్నది.
కాటా మీద కిలోలు పడతాయి,
చీటీ మీద లీటర్లు రాయాల.
నడుమ ఒకే ఒక్క అంకె: ఒకటి పాయింట్ సున్నా మూడు.
దాంతో భాగించు, అంతే, అన్నాడు
పని అప్పజెప్పిన కోదండం మామ,
తలుపు గొళ్లెం ఎట్ల తీయాలో చెప్పినంత తేలిగ్గా.

ఆరు కిలోల నూటా ఎనభై గ్రాములు తూగిన దేశమ్మవ్వకి
ఆరు లీటర్లని రాసిస్తే
చీటీని తిప్పి తిప్పి చూసింది.
"నా నూటా ఎనభై యాడబోయినాయి పాపా?"
యాడికీ పోలేదవ్వా, నీ పాలల్లోనే ఉండాయి.
లీటరు నీళ్లు కిలో తూగితే
లీటరు పాలు ఇంకో ముప్పై గ్రాములు ఎక్కువ తూగుతాయి,
అంత చిక్కన.
"చిక్కనైతే దుడ్లు ఎక్కువ ఇయ్యాల గదా?"
దానికి నా దగ్గర సూత్రం లేదు.

మర్నాడు శెనగనూనె ప్యాకెట్టు తెచ్చి
దొంగకోడిని పట్టి తెచ్చినట్టు బల్ల మీద పెట్టింది.
"చదువు."
ఒక లీటరు. తొమ్మిది వందల పది గ్రాములు.
"చూస్తివా, తొంబై గ్రాములు నొక్కేసినాడు శెట్టి."
పులుసు మీద నూనె ఎందుకు తేలుతుందవ్వా?
"తేలిక గాబట్టి."
అదే ఇది.

కాసేపు ప్యాకెట్టునే చూసి
కొంగులో చుట్టుకుంటా అనింది:
"పడి రాగులకీ పడి తవుడుకీ ఒకటే తూకమా ఏమి?
మా యమ్మకి తెలుసు ఈ సంగతి.
దీనికి ఇన్ని సున్నాలేంటికి?"

ఆ మాఘమాసంలో ఒకనాడు
ఆవు ఆలస్యంగా చేపిందని
నురగ ఆరకముందే ఉరుకులాడి తెచ్చింది.
పొడుగు జాడీలో పాలు పోసి
లాక్టోమీటరు వదిలినా.
మునిగింది, ఊగింది, నిలబడింది.
ఇరవై ఆరు.
ఇరవై ఎనిమిదికి తగ్గితే
'నీళ్లు' అని ఎర్ర సిరాతో రాయాల.
రాసినా.

వరసలో మెడలు సాగినాయి.
మొగిలప్ప దగ్గినాడు, దగ్గు రాకపోయినా.

అవ్వ అరవలేదు, ఏడవలేదు.
క్యాను ఎత్తుకోని బయట అరుగు మీద పెట్టి
దాని పక్కనే గొంతుక్కూచునింది
చలికి వణికే మనవణ్ని కాచుకున్నట్టు.
అందరూ పోసి పోయినారు.
మంచు క్యాను చుట్టూ తిరిగి తిరిగి
దాని వేడి అంతా తాగేసింది.

"ఇప్పుడు ఏయి."
ఇరవై ఎనిమిది.
కాటా మీద మళ్లీ పెట్టినా, చేతులు వణుకుతా.
పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే,
గ్రాము పెరగలేదు, గ్రాము తగ్గలేదు.

వేడి మీదుంటే పాలు ఒళ్లు విరుచుకుంటాయి,
కొంచెం ఎక్కువ చోటు అడుగుతాయి,
అందుకే పల్చనైనట్టు కనబడతాయి.
బరువు మాత్రం మాట మార్చదు.
ఎన్ని డిగ్రీలకి ఎంత కలుపుకోవాలో
పట్టిక గోడకే ఉండాది,
పోయినేడు క్యాలెండరు కింద.

క్యాలెండరు పీకేసినా.
'నీళ్లు' మీద అడ్డంగా గీత కొట్టినా.
గీత కింద నుంచి ఇంకా కనబడతానే ఉంది
ఆ రెండు అక్షరాలు.
దాన్ని ఏ అంకెతో భాగించాలో
మామ చెప్పలేదు.

ఇప్పుడైతే ముందు నా అరచెయ్యి ఆనిస్తా క్యానుకి,
జ్వరం చూసినట్టు.
అయినా దేశమ్మవ్వ నన్ను నమ్మదు.
వచ్చీ రాగానే అరుగు మీద చతికిలబడి
"చల్లారనీలే, నాకేం తొందర?" అంటుంది,
గొంతు పెంచి, వరసంతా వినబడేటట్టు,
"నువ్వు ముందు ఆ మొగిలప్పది ఏసి చూడు."